పాత ప్లగ్గు ఏదీ?

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలు, మెకానిక్ జవాబులు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా స్పార్క్ ప్లగ్గుల గొడవే, అదే, ఇంజనులో పెట్రోలును అంటించే నిప్పు రవ్వ పుట్టించే ప్లగ్గులు. వానలు మొదలయ్యాయంటే కోనసీమలో ఏటా ఇదే వరస. కాలువ గట్టు మీద ఉన్న నా షెడ్డుకు ఉదయం తొమ్మిది లోపు కనీసం ముగ్గురైనా బండి తోసుకుంటూ వస్తారు. వస్తూనే "కొత్త ప్లగ్గు వేయించానండీ, అయినా స్టార్టు కావడం లేదు" అంటారు. నేను అడిగేది ఒక్కటే: పాతది ఏదీ? పారేశామంటారు. వైద్యుడి దగ్గరికి వచ్చి నాలుక ఇంట్లో పెట్టి వచ్చానన్నట్టు ఉంటుంది నాకు.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. నా దగ్గర 1996 మోడల్ మారుతి 800 ఉంది. ఉదయం కిలోమీటరున్నర దూరంలోని గుడికి, సాయంత్రం బజారుకు తప్ప పెద్దగా తిరగదు. పొద్దున్నే ఇంజను కుంటుతూ నడుస్తోంది. మూడు నెలలకొకసారి మూడు ప్లగ్గులూ మార్పిస్తున్నాను. వారం రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. తీసినవన్నీ నల్లగా ఉంటున్నాయి. ఈ రోజుల్లో నాణ్యమైన ప్లగ్గులు రావడం లేదా?
— ఒక పాఠకుడు, మలికిపురం

జవాబు: మాస్టారూ, మీ ప్లగ్గులు మంచివే. తప్పు మరొకరిదైతే మూడు నెలలకు ముగ్గురి చొప్పున వీటిని శిక్షిస్తున్నారు.

నల్లగా ఉన్నాయని రాశారు గాని ఏ నలుపో రాయలేదు. వేలితో రాస్తే దీపం మసిలా పొడిగా అంటుకునే నలుపు ఒకటి. తడిగా, జిడ్డుగా మెరిసే నలుపు ఇంకొకటి. పొడి మసి అయితే ఇంజనుకు గాలి తక్కువై పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా ప్లగ్గు తగినంత వేడెక్కడం లేదు. జిడ్డు అయితే ఇంజన్ ఆయిల్ పైకి ఎక్కుతోంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులో, ఆయిల్‌ను ఆపే వాల్వు సీళ్లో అరిగిపోయాయి. మొదటి జబ్బు వందల్లో నయమవుతుంది, రెండోదానికి వేలు కావాలి.

మీది పొడి మసే అని నా అనుమానం. గుడి, బజారు అన్న రెండు మాటలే నాకు సాక్ష్యం. ప్లగ్గు కొస దాదాపు 450 నుంచి 500 డిగ్రీల వేడికి చేరితే తన మీది మసిని తానే కాల్చుకుంటుంది. కిలోమీటరున్నరకు ఆ వేడి రాదు. మూకుడు కాగక ముందే మీరు రోజూ పొయ్యి ఆర్పేస్తున్నారు. వారానికి ఒకసారి కారును అంతర్వేది దాకా తోలుకెళ్లి రండి. స్వామి దర్శనమూ అవుతుంది, ప్లగ్గులకు అగ్నిస్నానమూ అవుతుంది.

బయలుదేరే ముందు రెండు చూడండి. ఒకటి చోక్, అంటే చల్లటి ఇంజను స్టార్టు కావడానికి గాలి తగ్గించే తలుపు. పొద్దున్న లాగిన చోక్ బొత్తాన్ని బజారు వెళ్లేదాకా లోపలికి నెట్టని వాళ్లను చాలామందిని చూశాను. బొత్తాం నెట్టినా కేబుల్ బిగుసుకుపోయి, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ దగ్గర తలుపు సగం మూసుకునే ఉండవచ్చు. బానెట్ ఎత్తి కంటితో చూడాలి. రెండోది ఎయిర్ ఫిల్టర్. వడ్లు తూర్పారబట్టే కళ్లం పక్కన కారు పెడితే ఆ ధూళికి ఫిల్టరు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇక ఈసారి ప్లగ్గులు తీసినప్పుడు కోడిగుడ్ల అట్ట నుంచి మూడు గుంటల ముక్క చించి, 1, 2, 3 అని రాసి, ఏ సిలిండర్ ప్లగ్గును ఆ గుంటలో నిలబెట్టించండి. నా షెడ్డులో ఇంతకన్నా మంచి పరికరం లేదు. మూడూ ఒకేలా నల్లగా ఉంటే దోషం మూడింటికీ ఉమ్మడిదైన చోట ఉంది: కార్బురేటర్, చోక్, ఫిల్టర్. ఒక్కటే నల్లబడి మిగతా రెండూ బిస్కెట్ రంగులో ఉంటే ఆ ఒక్క సిలిండర్‌నే పట్టుకోవాలి. పాత పుస్తకాల్లో మంచి ప్లగ్గు ఇటుక రంగులో ఉంటుందని రాసి ఉంటుంది. అది సీసం కలిసిన పెట్రోలు నాటి మాట. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే కాబట్టి ఇప్పుడు అంత ముదురు రంగు రాదు. లేత గోధుమ రంగో, బూడిద కలిసిన తెలుపో కనిపిస్తే భయపడకండి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండి, పింగాణీ మీద బొబ్బలు లేచి ఉంటే మాత్రం భయపడాల్సిందే. ఇంజను మరీ వేడెక్కుతోంది.

మీరు సముద్రానికి దగ్గరగా ఉన్నారు. ఉప్పు గాలికి ప్లగ్గు వైర్ల చివర్లలోని ఇత్తడి పచ్చబడుతుంది, రబ్బరు పగుళ్లిస్తుంది. మార్గశిరం మంచులో ఆ పగుళ్లలోకి తేమ చేరితే కరెంటు ప్లగ్గు దాకా పోకుండా దారిలోనే ఇంజను మీదికి దూకేస్తుంది. దీన్ని పట్టుకోవడం సులువు. రాత్రి పూట వాకిట్లో దీపాలన్నీ ఆర్పి, బానెట్ ఎత్తి, ఇంజను నడుస్తుండగా దూరం నుంచి చూడండి. చేయి పెట్టకండి, అక్కడ వేల వోల్టులు ఉంటాయి. వైర్ల మీద నీలం మిణుగురులు పాకుతూ కనిపిస్తే వైర్ల సెట్టు మార్చాలి. పెట్టేటప్పుడు ఒక్కొక్కటే తీసి ఒక్కొక్కటే పెట్టించండి. మీ ఇంజను మండే వరుస 1-3-2. రెండు వైర్లు తారుమారైతే మీరు గుడికి నడిచి వెళ్లాలి.

పాయింట్లు (కాయిల్‌కు వెళ్లే కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు) ఉన్న 800కు ప్లగ్గు సందు, అంటే రవ్వ దూకే రెండు కొసల మధ్య ఎడం, 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. వాడకంలో కొస అరిగి ఆ సందు పెరుగుతుంది. పెరిగిన కొద్దీ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, ఆ బరువు వోల్టేజి పెంచే కాయిల్ మీద పడుతుంది. అయిదు వేల కిలోమీటర్లకు ఒకసారి సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు పెట్టి చూసుకుంటే మామూలు ప్లగ్గు ఇరవై వేల కిలోమీటర్ల దాకా వస్తుంది. మీ తిరుగుడుకు అది ఎన్నేళ్లో లెక్క వేసుకోండి, లెక్కలు మీకు నేను చెప్పనక్కరలేదు.

మసి పడుతోందని ఎవరైనా "వేడి ప్లగ్గు వేద్దాం" అంటే తొందరపడకండి. వేడి ప్లగ్గంటే కొసలో వేడిని ఎక్కువగా నిలుపుకునే రకం. ఎన్‌జీకే ప్లగ్గుల నంబరులో దీన్ని చెప్పే అంకె తగ్గితే ప్లగ్గు వేడిది. 6 కన్నా 5 వేడిది. బాష్ వాటిలో దీనికి సరిగ్గా ఎదురు, అంకె పెరిగితే వేడిది. ఒక కంపెనీ లెక్క బట్టీ పట్టి ఇంకో కంపెనీ ప్లగ్గుకు అన్వయించి, ఒక పెద్దమనిషి కారును రావులపాలెం వంతెన మీద ఆపించిన ఘనత నాకుంది.

ప్రశ్న: కొబ్బరికాయల వ్యాపారిని. పాత టీవీఎస్ ఎక్సెల్ మీద రెండు బస్తాలు వేసుకుని తిరుగుతాను. ఇంజనుకు బలం అని లీటరుకు రెండింతలు ఆయిల్ కలుపుతున్నాను. నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఆగిపోతుంది. ప్లగ్గు తీసి ఊది పెడితే మళ్లీ నడుస్తుంది. ఎందుకు?
— ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: ఊదినందువల్ల కాదండీ, తీసి పెట్టినందువల్ల. టూ స్ట్రోక్ బండిలో పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా మండాలి. ఎక్కువైన ఆయిల్ మండక, గట్టిబడిన కార్బన్ నలుసుగా మారి, ప్లగ్గు రెండు కొసల మధ్య సన్నని వంతెన కడుతుంది. వెంట్రుక మందం ఉంటే చాలు. కరెంటుకు దూకే పని లేకుండా ఆ వంతెన మీద నడిచిపోతుంది, నిప్పు రవ్వ పుట్టదు. మీరు ప్లగ్గు తీసేటప్పుడు ఆ నలుసు రాలిపోతుంది. అంతే.

పాత టూ స్ట్రోక్ బండ్లలో చాలావాటికి లీటరుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ సరిపోతుంది. మీ బండి పుస్తకంలో ఎంత ఉంటే అంతే కలపండి. బరువు మోసేది బండి గాని ఆయిల్ కాదు. పదిహేను రోజులకోసారి ప్లగ్గు తీసి, పెట్రోలులో ముంచిన పాత పళ్ల బ్రష్షుతో తోమండి. ఇనుప తీగల బ్రష్షు వద్దు. ఆ తీగల లోహం పింగాణీ మీద పెన్సిల్ గీతల్లా అంటుకుని కరెంటుకు కొత్త దారి చూపిస్తుంది. పైకి తళతళలాడుతుంది, లోపల చెడిపోయి ఉంటుంది. గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చడం ఒక అలవాటు ఉంది మన వాళ్లకు. పింగాణీకి సన్నని పగుళ్లు వస్తాయి, కంటికి కనపడవు. మీ సైలెన్సర్ కూడా ఈపాటికి కార్బన్‌తో పూడుకుపోయి ఉంటుంది, అదీ తీయించండి.

ప్రశ్న: నేను కళాశాలలో పాఠాలు చెబుతాను. మా నాన్నగారి బజాజ్ చేతక్‌ను ఆయన గుర్తుగా ఉంచుకుని నడుపుతున్నాను. ప్లగ్గు మార్చడానికి ప్రతిసారీ షెడ్డు దాకా తోసుకెళ్లడం విసుగుగా ఉంది. నేనే మార్చుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: తప్పకుండా మార్చుకోవచ్చమ్మా. వంకాయ తొడిమ కోసినంత తేలిక అని చెప్పను గాని రెండోసారికి చేయి తిరుగుతుంది.

ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. హెడ్డు, అంటే ప్లగ్గు బిగించే సిలిండర్ మూత, అల్యూమినియం. ప్లగ్గు ఒళ్లు ఉక్కు. వేడి మీద తీస్తే ప్లగ్గుతో పాటు హెడ్డు మరలు కూడా ఊడి వచ్చే ప్రమాదం ఉంది. కుడి పక్క ప్యానెల్ తీస్తే ఇంజను కనిపిస్తుంది. ప్లగ్గు క్యాప్‌ను పట్టుకుని లాగండి, వైరును పట్టుకుని కాదు. ఇప్పుడు చాలామంది చేయని పని: సైకిల్ పంపు తెచ్చి ప్లగ్గు చుట్టూ ఉన్న ఇసుకను ఊదేయండి. ప్లగ్గు తీయగానే ఆ గుంటలో ఉన్నదంతా సిలిండర్‌లోకి పడుతుంది. ఇసుక పడితే బోరుకు, అంటే సిలిండర్ లోపలి గోడకు, గీతలు పడతాయి.

ప్లగ్గు పానాను నిటారుగా దించాలి. ఒరిగితే పింగాణీ పెళుక్కుమంటుంది. తీశాక పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టి మర పొడవు కొలవండి. ఇది ముఖ్యం. మర లావు ఒకటే అయినా పొడవులు వేరుగా ఉంటాయి, 12.7 మిల్లీమీటర్లది ఉంటుంది, 19 మిల్లీమీటర్లది ఉంటుంది. పొట్టి మర ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పిస్టన్ పైకి వచ్చి దాని నెత్తిన గుద్దుతుంది. దుకాణంలో కుర్రవాడు "ఇదీ అదీ ఒకటేనండీ" అంటే నమ్మకండి.

కొత్త ప్లగ్గు సందు పెట్టెలో ఉన్నంత మాత్రాన సరిగ్గా ఉంటుందనీ అనుకోకండి. ఈ బండికి 0.6 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ లేకపోతే మా మేస్త్రి నేర్పిన ఉపాయం ఒకటుంది. ఇనుము కోసే యాక్సా బ్లేడు వీపు వైపు మందం దాదాపు అంతే ఉంటుంది. పళ్ల వైపు పెట్టకండి, పళ్లు అటూ ఇటూ విరిచి ఉంటాయి కాబట్టి కొలత తప్పుతుంది. సందు తగ్గించాలంటే బయటి కొమ్మును చెక్క మీద మెల్లగా తట్టండి. నడిమి కొసను తాకవద్దు. ప్లగ్గు గచ్చు మీద పడిందా, ఎంత కొత్తదైనా పక్కన పెట్టేయండి.

బిగించడంలో బలం కాదు, ఓపిక కావాలి. మూరెడు పెట్రోలు గొట్టం ముక్క తీసుకుని ప్లగ్గు తలకు తొడిగి, దానితో తిప్పుతూ ఎక్కించండి. మర సరిగ్గా పడితే సాఫీగా దిగుతుంది. పక్కమర పడితే, అంటే మర వంకరగా పట్టితే, గొట్టమే జారిపోతుంది గాని హెడ్డు చెడదు. వేళ్లతో ఇక తిరగనంత వరకు వచ్చాక పానా పెట్టండి. కొత్త ప్లగ్గు అయితే సగం చుట్టు, మహా అయితే ఇంకాస్త. వాషర్ నలగాలి కదా. వాడిన ప్లగ్గే తిరిగి పెడుతుంటే వాషర్ ముందే నలిగి ఉంటుంది కాబట్టి గడియారంలో గంటల ముల్లు ఒక గంటలో జరిగినంత చాలు. మరకు గ్రీజు, నూనె ఏదీ పూయకండి. తల మీది చిన్న నట్టు వదులుగా ఉంటే బిగించండి. క్యాప్ టక్కుమని కూర్చోవాలి.

నాన్నగారు చేతక్‌ను పొద్దున్నే ఎడమ పక్కకు వంచి, నిలబెట్టి, అప్పుడు కిక్కు కొట్టేవారా? మా తరంలో అందరం అలాగే చేశాం. సందు సరిచేసిన ప్లగ్గు పెట్టాక ఒకసారి వంచకుండా కొట్టి చూడండి.

ప్రశ్న: రొయ్యల చెరువు గట్టు మీది మా డీజిల్ ఇంజను పొగ కక్కుతోంది. ప్లగ్గు ఎక్కడుందో ఎంత వెతికినా కనపడలేదు.
— ఒక పాఠకుడు, ముమ్మిడివరం

జవాబు: కనపడదండీ, లేదు కాబట్టి. డీజిల్ ఇంజనులో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది, నిప్పు రవ్వ అక్కరలేదు. కొన్ని డీజిల్ బండ్లలో ఉండే గ్లో ప్లగ్గు స్టార్టు చేసే ముందు లోపల వేడి చేసే కడ్డీ మాత్రమే. మీరు లోపలికి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ చూపించండి.

ప్రశ్న: మాది లంక గ్రామం. 2022 జూలై వరదలో నా పాత మోటార్ సైకిల్ రెండు రోజులు నీళ్లలో ఉండిపోయింది. నీరు తీశాక ప్లగ్గు తుడిచి కిక్కు కొడితే కిక్కు దిగలేదు. స్నేహితులు తోసి గేరులో వేయమన్నారు. భయపడి ఆగి షెడ్డుకు పంపాను, తర్వాత బాగైంది. మళ్లీ వరద వస్తే ఏం చేయాలో చెప్పండి.
— ఒక పాఠకుడు, పి.గన్నవరం మండలం

జవాబు: మీ భయానికి దండం పెట్టాలి. కిక్కు దిగలేదంటే సిలిండర్ నిండా నీరుందన్నమాట. గాలి నొక్కితే కుదించుకుపోతుంది, నీరు కుదించుకోదు. ఆ స్థితిలో తోసి గేరులో వేస్తే పిస్టన్ నీటిని గుద్దుకుంటుంది, వంగేది పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్.

1986 ఆగస్టు వరద తగ్గాక నేను దీన్ని కళ్లారా చూశాను. అప్పటికి నాకు మీసాలు కూడా రాలేదు, మేస్త్రి దగ్గర పానాలు అందించే కుర్రవాణ్ణి. షెడ్డు ముందు రోడ్డు మీద స్కూటర్లు, మోపెడ్లు బురద బొమ్మల్లా వరసగా నిలబెట్టారు. మేస్త్రి ముందుగా చేయించింది ఒక్కటే పని: అన్ని బండ్ల ప్లగ్గులూ తీయించి, ఒక్కో బండి ప్లగ్గు ఒక్కో కొబ్బరి చిప్పలో వేసి, చిప్ప వెనక సుద్దముక్కతో బండి నంబరు రాయించాడు. ప్లగ్గు లేని బండిని ఎవరూ తొందరపడి స్టార్టు చేయలేరు గదా! అయినా ఒకాయన రాత్రికి రాత్రి జేబులోని ప్లగ్గు పెట్టుకుని తన స్కూటరును తోశాడు. మర్నాడు ఇంజను విప్పితే రాడ్డు కొడవలిలా ఉంది.

కాబట్టి నీటి మట్టం పెరుగుతోందని తెలియగానే బండిని ఏటిగట్టు మీదికి ఎక్కించండి. కుదరకపోతే, మునిగిన బండికి తాళం కూడా తిప్పకండి. ప్లగ్గు తీసేయండి. తీసిన గుంటకు ముఖం ఎదురుగా పెట్టకుండా, కిక్కును చేత్తో మెల్లగా నొక్కండి. ఎర్రనీరు చిమ్ముతుంది. చిమ్మడం ఆగే వరకు నొక్కి, ఒక చెంచా ఇంజన్ ఆయిల్ ఆ గుంటలో పోసి నాలుగుసార్లు తిప్పండి. బోరు తుప్పు పట్టకుండా ఉంటుంది. ఇంజన్ ఆయిల్ కిందికి దించండి. పాలు కలిపిన టీలా వస్తే నీరు కలిసినట్టే. చవక ఆయిల్ పోసి కాసేపు నడిపి అదీ దించి, అప్పుడు మంచిది పోయాలి. పెట్రోలు ట్యాంకులో నీరు అడుక్కి దిగి ఉంటుంది, అది కూడా దించాలి. కార్బురేటర్ తొట్టిలో, ఎయిర్ ఫిల్టర్‌లో గోదావరి ఒండ్రు ఉంటుంది. ఆ ఒండ్రు వరిచేనుకు బంగారం, ఇంజనుకు గరుకు కాగితం.

మునిగిన ప్లగ్గును ఎండబెట్టి వాడుకోవచ్చా అంటే, వాడుకోవచ్చు. కానీ క్యాప్ లోపల చిక్కుకున్న తేమే అసలు శత్రువు. క్యాప్‌ను వైరు నుంచి మర తిప్పి విడదీసి ఒక పూట ఎండలో పెట్టండి.

ప్రశ్న: నా దగ్గర తాతగారు కొన్న 1998 స్ప్లెండర్ ఉంది. ఇరీడియం ప్లగ్గు వేస్తే మైలేజీ పదిహేను కిలోమీటర్లు పెరుగుతుందని వీడియోల్లో చెబుతున్నారు. నిజమేనా? ఇథనాల్ పెట్రోలు వల్ల ప్లగ్గు పాడవుతుందా?
— ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: తమ్ముడూ, మంచి ప్లగ్గు తీసి ఇరీడియం వేస్తే పదిహేను కాదు, నీ చేతికి తెలిసేంత తేడా కూడా రాదు. చెడిపోయిన ప్లగ్గు తీసి ఇరీడియం వేసినవాడికి తేడా తెలుస్తుంది. మామూలు కొత్త ప్లగ్గు వేసినా అదే తేడా తెలిసేది.

ఇరీడియం గొప్ప వేరే చోట ఉంది. ఆ లోహం చాలా గట్టిది, వేడికి తట్టుకుంటుంది. అందుకని కొసను సూదిలా సన్నగా చేయగలరు. సన్నని కొస నుంచి రవ్వ తక్కువ వోల్టేజీకే దూకుతుంది, అరుగుదల తక్కువ, కాబట్టి ఎక్కువ కాలం వస్తుంది. ఇంజను మీదున్నవన్నీ విప్పితే గాని ప్లగ్గు అందని బండ్లకు అది వరం. నీ స్ప్లెండర్ ప్లగ్గు తీయడానికి రెండు నిమిషాలు చాలు. మామూలుది పది వేల కిలోమీటర్లకోసారి మార్చుకో. మిగిలిన డబ్బుతో చైను స్ప్రాకెట్లు మార్పించు, మైలేజీ అక్కడ కనిపిస్తుంది. ఎవరైనా ఇరీడియం ఇస్తే కాదనకు గాని దాని సన్నని కొసను గేజ్‌తో గెలికి సందు మార్చబోకు, విరుగుతుంది.

నీ అసలు ముప్పు నకిలీ ప్లగ్గు. పేరున్న కంపెనీల పెట్టెల్లోనే వస్తాయి. పెట్రోలు గుడ్డతో పింగాణీ మీది అక్షరాలను రుద్ది చూడు, చెరిగితే అనుమానించు. వాషర్ వేలితో లాగితే ఊడి వస్తుందా, మర అంచులు గరుకుగా ఉన్నాయా, నడిమి కొస సరిగ్గా నడుమన ఉందా, చూసుకో. నీ బండి ప్లగ్గు మర 10 మిల్లీమీటర్ల సన్ననిది, పెద్ద పానాతో ఉడుంపట్టు పడితే తెగిపోతుంది. చిన్న పానా, రెండు వేళ్ల బలం.

ఇక ఇథనాల్. ఇరవై శాతం కలిసిన పెట్రోలు ప్లగ్గును చంపదు. ఇథనాల్‌లో ప్రాణవాయువు ఉంటుంది కాబట్టి పాత కార్బురేటర్‌లో మిశ్రమం కాస్త పలుచబడుతుంది, ప్లగ్గు మునుపటి కన్నా తెల్లగా కనిపిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను వెనక్కి లాగుతుంటే కార్బురేటర్ ట్యూనింగ్ చేయించాలి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. భీమవరంలో తేమకు కరువా? నెలల తరబడి బండి పక్కన పెట్టేటప్పుడు కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టు. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడుతున్నాయేమో వేలితో నొక్కి చూడు.

ప్రశ్న: కడియం నర్సరీల నుంచి మొక్కలు వేసుకుని వెళ్లే మారుతి ఓమ్ని నడుపుతాను. నడుస్తుండగా సీటు కింద ఢామ్మని పేలింది. చూస్తే ఒక ప్లగ్గు ఊడి వైరుకు వేలాడుతోంది. షెడ్డులో హెడ్డు మొత్తం మార్చాలంటున్నారు. వేరే దారి లేదా?
— ఒక పాఠకుడు, కడియపులంక

జవాబు: ఉందండీ. ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి ఆ చప్పుడుకు మీ గుండె జారి ఉంటుంది గాని హెడ్డు మార్చేంత ఘోరం జరగలేదు. హెడ్డులోని అల్యూమినియం మర పోయింది. మంచి లేత్ షాపుకు హెడ్డు విప్పి తీసుకెళ్తే పాత మరను పెద్దది చేసి, అందులో ఉక్కు మర తొడిగి, మళ్లీ 14 మిల్లీమీటర్ల మామూలు ప్లగ్గు పట్టేలా చేస్తారు. తీగచుట్టలా ఉండే హెలికాయిల్ అయినా వేస్తారు, గొట్టంలా గట్టిగా ఉండే ఇన్సర్ట్ అయినా వేస్తారు. నన్నడిగితే గొట్టంలాంటిదే మేలు. హెడ్డు విప్పకుండా బండి మీదే చేస్తామన్న వాళ్లకు ఇవ్వకండి, కోసిన పొట్టు సిలిండర్‌లో పడుతుంది. లావు మర ప్లగ్గును బలవంతంగా ఎక్కిస్తామన్న వాళ్లకు అసలే ఇవ్వకండి.

మర ఎందుకు పోయింది? ఎవరో ఒకసారి పక్కమర వేశారు. లేదా వదులుగా వదిలేశారు, అది అదిరి అదిరి అరిగింది. సీట్లు ఎత్తి, ఇరుకులో, సగం చూసీ చూడకా చేసే పని కాబట్టి ఓమ్నిలకు ఇది జరుగుతూనే ఉంటుంది. కోపం వద్దు. నేను సొంతంగా షెడ్డు పెట్టిన మొదటి ఏడాది పెళ్లివారి కారుకు ఇదే చేశాను. ముహూర్తం తరుముతోంది, ప్లగ్గు మొదటి రెండు చుట్లు గట్టిగా వచ్చింది. కొత్తది కదా, అలాగే ఉంటుందని పానాకు గొట్టం తొడిగి మరీ బిగించాను. కారు వెళ్లింది. పెళ్లికొడుకు మాత్రం చివరి అయిదు కిలోమీటర్లు ట్రాక్టరు మీద వెళ్లాడు. హెడ్డు ఖర్చు నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఏ ప్లగ్గయినా మొదటి నాలుగు చుట్లు గొట్టం ముక్కతోనే తిప్పుతాను, పెళ్లి ఆగినా సరే.

ఇన్సర్ట్ వేయించాక అయిదు వందల కిలోమీటర్లు తిరిగి, ఇంజను చల్లారాక, ఆ ప్లగ్గు బిగువు ఒకసారి చూడండి. మిగతా రెండూ కూడా.

ఉత్తరాలు రాసేవారికి మనవి. బండి పేరు, ఏ సంవత్సరపుది, తీసిన ప్లగ్గు రంగు, పొడిగా ఉందా జిడ్డుగా ఉందా అన్నవి తప్పక రాయండి. ఫోటో పంపినా సరే. ప్లగ్గును మాత్రం పంపకండి. పెరవలి నుంచి ఒక పాఠకుడు ఆయిల్ ఓడుతున్న ప్లగ్గును కాగితం కవరులో పెట్టి పోస్టు చేశారు. వారికి జవాబు: మీ బండి రింగులు పోయాయి. ఆ కవరు కింద పడి తడిసిన రెండు ఉత్తరాల్లో ఒకటి తణుకు నుంచి వచ్చిందని మాత్రం తెలుస్తోంది, మిగతా అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. ఆ ఇద్దరూ దయచేసి మళ్లీ రాయగలరు.